గృహవిజ్ఞానము: తేటనీరెల్ల మంచినీరు గాదు

గతమాసమున మేము తాండూరులోనున్న మా పినతల్లి కూతురి యింటికి బోయి రెండు దినములుండి వచ్చితిమి. హైదరాబాదునుండి వాడికి బోవు రైలుదారిలో ముందుగా వికారాబాదును, పిమ్మట తాండూరును తగులును. త్రోవలో వికారాబాదున దిగి, అనంతగిరి కెక్కి, అనంతపద్మనాభస్వామిని సేవించుకొంటిమి. మూసీనదికి పుట్టినిల్లు ఆ కొండలే. ఆ ప్రాంతపు గుట్టలలోనే కాగ్నానదియు బుట్టుచున్నది. మూసీ తూర్పుముఖముగా బారి, హైదరాబాదు నగరమును జీల్చుకొని పోయి, వాడపల్లివద్ద కృష్ణలో గలియును. కాగ్నా పడమటికి బారి, తాండూరు ప్రక్కగా కర్ణాటకమున బ్రవేశించి, భీమానదిలో గలియును. ఆ భీమయు దుదకు కృష్ణనే చేరును. ఒక తల్లికడుపున బుట్టిన యక్కచెల్లెండ్రు చెరియొక యత్తవారింటికి బోయి, పడరాని పాట్లు పడి, కడకు ఒక్కచోట గలిసికొన్నట్లున్నది వీని చరిత్ర.

ఆ పాట్లను గూర్చియే ఈ నెల మన శీర్షికలో ముచ్చటింపదలచితిమి. నీటిలోని మాలిన్యములను దొలగించుటకై నేడు శాస్త్రజ్ఞులు జీవులనుండి లభించు జిగురు పదార్థములను బొగ్గుతో గలిపి క్రొత్త మందులను దయారు చేయుచున్నారు. ఆ మాట విన్న సోదరీమణులు కొందరు, "అది యెట్టిది? మన యింటి కుపయోగపడునా?" అని మమ్మడుగుచున్నారు. తాండూరులో జరిగిన యొక చిన్న సంగతితో బ్రారంభించినచో విషయము సులభముగా బోధపడును.

తాండూరు సీసా

తాండూరనగానే నాపరాయి జ్ఞప్తికి వచ్చును. మన యిండ్ల నేలలకు బరచు నీలిబండలు, పసుపుబండలు ననేకము లాప్రాంతమునుండి వచ్చినవే. అచ్చట బండలను గోసి నునుపుచేయు కార్ఖానాలు పెక్కులు గలవు. కోతరంపము వేడెక్కకుండ దానిపై నెడతెగక నీరు పోయుచుందురు. ఆ నీరు రాతిపొడితో గలిసి, చిక్కని బియ్యపుకడుగువలె వెలుపలికి వచ్చును. అట్టి నీటిని మా చెల్లె లొక గాజుసీసాలో బట్టి తెప్పించి మాకు జూపినది. రాత్రి దానిని గూటిలో నుంచి తెల్లవారి చూతుము గదా, పొడి యంతయు నడుగున బేరుకొని పైనీరు అద్దమువలె నున్నది.

"అక్కా, చూడు, ఎంత తేటపడ్డదో! ఇంక దీనికేమి దోషము?" అని యామె యడిగినది. నాలుగేండ్ల పాప అప్పటికే ఆ సీసాకొరకు చేయి చాచుచున్నది. మేము చప్పున దానిని దీసి పైయరలో బెట్టితిమి.

ఆమె ప్రశ్నకు సమాధాన మామె వంటయింటిలోనే కలదు. పెరటిలో బోరుబావి యున్నది. ఆ నీరు చూపునకు స్ఫటికమే. కాని దానిలో గందిపప్పు ఎంతసేపు కాచినను మెత్తబడదు. సబ్బు నురుగు రాదు. నీళ్లు కాచు గిన్నె యడుగున దెల్లని పెచ్చు గట్టును. తాండూరు కందులు సామాన్యమైనవి గావు. 2022లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి పప్పే యుడుకకున్న తప్పు పప్పుది గాదు, నీటిది. నాపరాయి సున్నపురాతి జాతిది. దాని పొరలగుండ నూరివచ్చిన నీటిలో గాల్షియము, మెగ్నీషియము లవణములు కరగియుండును. దీనినే కఠినజలమందురు. రాతిపొడి నీటిలో దేలుచుండునది గనుక నడుగునకు దిగినది; ఈ లవణములు కరగియున్నవి గనుక నెన్ని దినములుంచినను దిగవు.

కావున దేలియాడు మురికి వేరు, కరగిన దోషము వేరు, కంటికగపడని సూక్ష్మజీవులు వేరు. ఈ మూటికిని భేదము దెలిసిన గృహిణికి నీటిశాస్త్రములో సగము దెలిసినట్లే. మొదటిదానిని మాత్రమే కన్ను పట్టగలదు. తక్కిన రెండును తేటనీటిలో గూడ దాగియుండును.

పెద్దలనాటి రెండు మందులు

మన పూర్వులకు నీటివిషయమున రెండు మంచి మందులు తెలియును. మొదటిది చిల్లగింజ. దీనిని ఇందుపగింజ యనియు, సంస్కృతమున గతకబీజమనియు నందురు. దానిని బాన లోపలిగోడకు రుద్ది నీరు పోసినచో, గొంతసేపటికి మట్టి యడుగునకు జేరి నీరు తేరుకొనును. మునగగింజల పొడియు నట్లే పనిచేయును. చిల్లగింజలో జక్కెర యణువులు గొలుసుగా నల్లుకొనిన జిగురు కలదు. ఆ జిగురు మట్టిరేణువులను ఒకదానితో నొకటి యతికించి, బరువెక్కించి, క్రిందికి దింపును. మునగగింజలో నాపని చేయునది యొకవిధమగు మాంసకృత్తు. ఇట్లు చెట్లలోను జంతువులలోను బుట్టి, చిన్న యణువులు పూసలవలె వరుసగా గూర్చబడిన పొడుగుగొలుసు పదార్థములకే జీవపాలిమరులని పేరు. మన గంజిలోని పిండియు, చీరలోని దూదియు, తుమ్మజిగురును ఆ జాతివే.

రెండవ మందు బొగ్గు. మూడు కుండల నొకదానిపై నొకటి నిలిపి, నడిమి కుండలో నిసుకయు బొగ్గును బోసి, పైకుండనీటిని జొట్టుచొట్టుగా దింపు వడపోత మన తల్లులకు బరిచితమైనదే. ఇసుక మురికిని నిలుపును. బొగ్గు చెడువాసనను, రంగును బట్టుకొనును.

నేటి శాస్త్రజ్ఞుల క్రొత్తమందు మరేమియు గాదు. ఈ రెండు మందులకును వివాహము చేయుటయే. కాని యా వివాహమున గలుగు లాభ మేమో తెలియుటకు వధూవరుల గుణము లొక్కొక్కటిగా దెలిసికొనవలెను.

బొగ్గులోని యెకరములు

బొగ్గు ద్రవముల రంగును హరించునని 1785లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున లోవిట్జ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు గనిపెట్టెను. 1900, 1901 సంవత్సరములలో ఓస్ట్రెయ్కో యనునతడు బొగ్గును మిక్కిలి వేడిచేసి, దానిలో వెంట్రుకకంటె సన్నని రంధ్రములు లక్షలకొలది తెరచుకొనునట్లు చేయు పద్ధతులకు బేటెంటులు పొందెను. దీనినే ఉత్తేజిత కర్బనమందురు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులను విషవాయువులనుండి కాపాడిన ముసుగులలో నుంచినది కొబ్బరిచిప్పల నుండి చేసిన యట్టి బొగ్గే.

ఒక గ్రాము ఉత్తేజిత కర్బనపు రంధ్రముల గోడల నన్నిటిని విప్పి పరచగలిగినచో 500 మొదలు 1500 చదరపు మీటర్ల వైశాల్యము వచ్చును. 1000 మీటర్లే యనుకొన్నను, 10 గ్రాముల తులము బొగ్గులో దాదాపు రెండున్నర యెకరముల నేల యిమిడియున్నదన్నమాట! ఆ గోడలకు మాలిన్యము వచ్చి యంటుకొనును. నీటిని గుడ్డ పీల్చుకొనుట వంటిది గాదిది. పసుపు నూరిన రోటికి బసుపంటినట్లు పైపైన బట్టుకొనుట. దీనికి శాస్త్రమున అధిశోషణమని పేరు.

ఎన్ని యెకరములున్నను నేల యొకనాటికి నిండితీరును. నిండిన సత్రమున క్రొత్త బాటసారికి జోటుండదు. ఈ విషయమున మా యింటి యపరాధమునే చెప్పుకొందుము. కొన్నేండ్లక్రింద మే మొక బొగ్గువడపోత యంత్రమును గొంటిమి. అమ్మినవాడు "ఇక మీకు జింతలేదు" అన్నాడు. మేమును జింత మానివైచితిమి. రెండేండ్లు గడచినవి. నీటికొక విధమగు పాచివాసన వచ్చినపుడు విప్పి చూడగా లోపలి బొగ్గుగుళిక వ్రేలికి జిడ్డుగా దగిలినది. బొగ్గు పట్టిన మలినమును దినుచు సూక్ష్మజీవులు దానినే కాపురము చేసికొనినవి. శుభ్రపరచుటకు దెచ్చినదే మైలకు మూలమైనది. ఆ యేడు మా యింటిపిల్లలకు వచ్చిన కడుపునొప్పులకు దానికిని సంబంధమున్నదో లేదో నిశ్చయముగా జెప్పలేము. కాని యానాటినుండి గుళిక మార్చవలసిన తేదీని గోడ పంచాంగముపై వ్రాసికొనుచున్నాము.

బొగ్గునకు మరియొక చిక్కు కలదు. మెత్తని పొడి చేసినకొలది అది చక్కగా బనిచేయును గాని, నీటిలో గలిసిన యా పొడిని మరల దీయుట కష్టము.

రొయ్యపెంకునుండి జిగురు

ఇక రెండవ పక్షము. భీమవరము, కాకినాడ ప్రాంతముల రొయ్యల వ్యాపారము మనకు దెలిసినదే. రొయ్యను శుభ్రముచేయగా దలయు బెంకును కుప్పలుకుప్పలుగా మిగిలి కుళ్లును. ఆ పెంకులో గైటిన్ అను జీవపాలిమరు కలదు. 1811లో బ్రకోనో యను ఫ్రెంచి పండితుడు దానిని మొదట గనుగొన్నది పుట్టగొడుగులలో. 1859లో రూజే యనునతడు కైటిన్‌ను క్షారముతో గాచి మార్చుటవలన మరియొక పదార్థము లభించినది. దానికే నేడు కైటోసాన్ అని పేరు. పెంకును ఆమ్లముతో గడిగి సున్నపుభాగమును దీసివేసి, గాఢమగు కాస్టిక్ సోడాలో గాచి దానిని జేయుదురు. ఇది కార్ఖానా పని. చేతులను గాల్చు క్షారముతో నెవ్వరును వంటయింట బ్రయత్నింపరాదు.

కైటోసాన్ మంచినీటిలో గరగదు గాని పలుచని వెనిగరులో గరగి జిగురగును. దాని గొలుసు పొడుగునను నత్రజనితో గూడిన చిన్న కొక్కెములవంటివి యుండును. సీసము, రాగి, పాదరసమువంటి లోహము లాకొక్కెములకు జిక్కుకొనును. పులుపుగల నీటిలో నవే కొక్కెములు ధనవిద్యుత్తును దాల్చి, అద్దకపు రంగులను గొన్నిటిని లాగుకొనును. దీని లోపమేమన, ఇది మెత్తనిది, నీటిలో నుబ్బును, పులుపెక్కువైన గరగిపోవును, దీనిలో రంధ్రములు తక్కువ.

శాకాహారులగు సోదరీమణులు శంకింప బనిలేదు. పుట్టగొడుగులనుండియు గైటోసాన్ చేయవచ్చును. సముద్రపు నాచునుండి తీయు ఆల్జినేటు, చెట్లనుండి వచ్చు సెల్యులోజు గూడ నిట్టిపనికి వినియోగపడుచున్నవి.

రెండును గలిసిన పూస

బొగ్గు గట్టిది, విశాలమైనది; కాని పొడిగా జెదరును, లోహములను అంతగా బట్టదు. కైటోసాన్ లోహములను బట్టును. కాని మెత్తనిది, ఇరుకైనది. ఒకరి కొరత నొకరు దీర్చు దంపతులవలె నీ రెండును గలిసినపుడు పని చక్కబడును. కైటోసాన్ జిగురులో మెత్తని బొగ్గుపొడిని గలిపి, పలుచని క్షారజలములో జుక్కలుచుక్కలుగా విడుతురు. బూందీచట్రమునుండి జారిన శనగపిండి నూనెలో బడి గుండ్రని బూందీ యైనట్లు, ఈ చుక్క లాజలములో బడగానే గట్టిపడి నల్లని పూసలగును. పొడి నీటిపాలు గాదు. పూసలను గొట్టములో నింపి నీటిని దానిగుండ బంపవచ్చును. పట్టినది నిండినపుడు కడిగి కొన్నిమార్లు మరల వాడవచ్చును. ఇనుపతుప్పు జాతి పదార్థమును గూడ జేర్చినచో నయస్కాంతముతో దీయదగిన పూసలును దయారగును.

ఇది కేవలము విదేశముల మాట గాదు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య టి. ప్రదీప్ గారును, వారి సహచరులును గైటోసాన్‌తో ఇనుప సమ్మేళనమును గలిపి, పడమటి వంగదేశమును బీడించు ఆర్సెనిక్ విషమును నీటినుండి తొలగించు రేణువులను జేసిరి. వెండిని మిక్కిలి స్వల్పముగా విడుచుచు సూక్ష్మజీవులను జంపు రకమును గూడ వారు నిర్మించి, కుటుంబమున కేటికి రెండున్నర డాలర్ల వ్యయముతో శుద్ధజలము నీయవచ్చునని 2013లో బ్రకటించిరి. ఆర్సెనిక్ వడపోత యంత్రములు గ్రామములలో నెలకొల్పబడినవి. అంతకుముందు 2012లో వారే పంచదార పాకమును ఇసుకరేణువులకు బట్టించి కాల్చి, గ్రాఫీను అను నతిపలుచని కర్బనపుపొర యంటిన యిసుకను జేసి, అది పురుగుమందులను, రంగులను నీటినుండి లాగునని చూపిరి. కందిపొట్టు, శనగపొట్టు వంటివానితో రంగులను, క్రోమియమును దొలగించుటనుగూర్చియు మన దేశమున బరిశోధనలు జరిగినవి. తాండూరు పొలములలో బొయ్యిపాలగు కందికట్టె గూడ నొకనాటికి నీటిమందు కావచ్చునని మా యాశ.

ఇట్టి మందుల యవసర మెంతటిదో హైదరాబాదు చేరువనే తెలియగలదు. పటాన్‌చెరు ప్రాంతపు ఔషధ కార్ఖానాల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకున్నదని 2007లో స్వీడను దేశపు పరిశోధకులు ప్రకటించిరి. అది యామందు తీసికొను రోగి రక్తములో నుండు మోతాదుకంటె నెక్కువ! ఆ మందునకు లొంగని సూక్ష్మజీవులు పెరిగినచో మన బిడ్డకు జ్వరము వచ్చిన నాడు వైద్యుని చేతిమాత్ర పనిచేయదు. అట్టి మందుల యణువులను బట్టుటలో గర్బనమును, కర్బనము గలిసిన పూసలును సమర్థములని ప్రయోగశాలలలో దేలినది. ఐతే యిట్టి పూసలలో బెక్కు లింకను ప్రయోగశాల గడప దాటలేదు. "క్రొత్త కర్బనము, సర్వదోషహరము" అని వాకిటికి వచ్చి యమ్మువారి మాట నమ్మరాదు.

ఏ రోగమునకు నా మందే

మా చెల్లెలు ఈ కథ యంతయు విని, "ఐతే ఆ పూసలు తెచ్చి మా బోరునీటిలో వేసికొందునా?" అని యడిగినది. వలదంటిమి. సీసమును బట్టు కైటోసాన్ కొక్కెములు కాల్షియమును అంతగా బట్టవు, బొగ్గును బట్టదు. కఠినత్వమునకు మందు వేరు. కొంత కఠినత్వము నీటిని మరగించి, చల్లార్చి, తెల్లనిది పేరిన పిమ్మట పైనీటిని వంచుకొనిన బోవును. తక్కినది యట్లు పోదు. కఠినజలము పప్పునకును, సబ్బునకును, గిన్నెలకును నష్టమేగాని సాధారణముగా బ్రాణహాని చేయునది గాదు.

ఫ్లోరైడు మాట వేరు. 1937లోనే మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతమున నీటిలోని ఫ్లోరైడువలన నెముకలు వంకరపోవు వ్యాధిని వైద్యులు వర్ణించిరి. నల్లగొండ ప్రజల బాధ లోకవిదితము. పటికను, సున్నమును వేసి ఫ్లోరైడును దింపు పద్ధతికి "నల్లగొండ పద్ధతి" యను పేరే నిలిచినది. ఫ్లోరైడుగల నీటిని గాచిన దోషము పోదు సరికదా, నీరు ఆవిరియై మిగిలినదానిలో మరింత చిక్కబడును. నైట్రేటును నంతే. సూక్ష్మజీవులకు మాత్రము కాచుటయే దివ్యౌషధము. కావున మందు కొనుటకు ముందు రోగము తెలియవలెను.

మన గృహిణులు చేయవలసినవి

1. సంవత్సరమున కొకమారైనను బోరునీటిని బరీక్ష చేయింపవలెను. భారత ప్రమాణములను బట్టి లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చును. నైట్రేటు 45 మించరాదు. కఠినత్వము 200 లోపుండుట మేలు. 600 కడపటి హద్దు. 2019లో బ్రారంభమైన జల జీవన్ మిషన్‌లో గ్రామమున కైదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనను నియమము కలదు. మీ యూర నట్టివా రెవరో విచారింపుడు. లేకున్న మీరే ముందుకు రండు.

2. మురికినీటిని ముందు తేర్చి, పలుచని బట్టతో వడగట్టి, పిమ్మట తెర్లుచుండగా నొక నిమిషమైనను మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్పుడు. తేర్చుట మొదలు, మరగించుట తరువాత.

3. బొగ్గువడపోత యున్నచో గుళిక మార్చిన తేదీని వ్రాసియుంచుడు. వాసన వచ్చువరకు వేచియుండకుడు.

4. మిగిలిన మందుమాత్రలను, రంగులను, పురుగుమందు డబ్బాలు కడిగిన నీటిని మోరీలో బోయకుడు. కాసు ఖర్చులేని శుద్ధి యిదియే.

ఈ కడపటిమాట నొక్కి చెప్పుచున్నాము. మాలిన్యమును బట్టిన పూస మాలిన్యమును నాశనము చేయదు; దాచియుంచును. సీసము పట్టిన పూసను పెరటిలో బారవేసిన సీసము మరల బావికే చేరును. పూస యెంత మేలైనను, నదిలో బోయుట మానని ఊరిని అది కాపాడజాలదు. 1908 నాటి వరద హైదరాబాదును ముంచిన పిమ్మట మూసీపై ఉస్మాన్‌సాగరమును గట్టి 1920 నాటికి ముగించిరి. నగరము దానిని గర్వముగా గండిపేట నీరని త్రాగినది. గండిపేట దాటి నగరము సొచ్చిన పిమ్మట నదే మూసీ ముక్కు మూసికొనవలసిన మురుగైనది. అనంతగిరిలో మేము చూచిన పుట్టినింటి పిల్లకు నత్తవారింట జరిగిన మర్యాద యిది.

ఈ వ్యాసము వ్రాయుచుండగా మా చెల్లెలియొద్దనుండి యుత్తరము వచ్చినది. బోరునీటిని బరీక్ష చేయించినదట. ఫ్లోరైడును, నైట్రేటును హద్దులోనే యున్నవి. కఠినత్వము మాత్రము హద్దు దాటినది. ఇప్పుడు త్రాగుటకును పప్పునకును కుళాయినీరు, తక్కినపనులకు బోరునీరు వాడుచున్నదట. రాతిపొడి సీసా నింకను గూటిలోనే యుంచినదట. ఇంటికి వచ్చిన యాడువారికెల్ల దానిని జూపి, "తేటగా నున్నది గదా, త్రాగుదురా?" యని యడుగుచున్నదట. ఆ ప్రశ్నను చదువరులగు సోదరీమణులు తమ తమ యిండ్లలో గూడ నడిగికొందురుగాక!